ఓదెలు సర్దార్ గుంత

ఓదెలు సర్దార్ చనిపోయాడని మా తమ్ముడు ఇల్లందు నుంచి ఫోన్ చేసినప్పుడు నాకు మొదట కలిగింది సంతోషం. ఈ వయసులో దాన్ని దాచుకుని చేసేదేమీ లేదు కనుక రాస్తున్నాను. ఫోన్ పక్కన పెట్టి, టీ కాచుకుని, ఖమ్మంలోని మా ఇంటి వరండాలో కూర్చుని ఆ సంతోషాన్ని చివరి గుక్క దాకా అనుభవించాను. నిద్రలోనే పోయాడట. పక్కన భార్య, కాళ్ల దగ్గర కూతురు. అంత సుఖంగా పోవడం మాత్రం నాకు నచ్చలేదు. ఆ మనిషికి ఒక్క రోజైనా గొంతు ఎండాలని, నీళ్లడిగితే ఇచ్చేవాళ్లు లేకుండా పోవాలని కుర్రతనంలో ఎన్నిసార్లు కోరుకున్నానో లెక్కలేదు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుని బతికినవాణ్ణి నేను. ఆ చదువు మీద నాకు ఆసక్తి ఎలా కలిగిందని పిల్లలు అడిగితే మా లెక్చరర్ గొప్పతనం గురించి చెప్పేవాణ్ణి. అది సగమే నిజం. నేను ఫిజిక్స్ నేర్చుకున్నది ఓదెలు సర్దార్ మీద పగతో.

మేముండేది బొగ్గుబావుల దగ్గరి క్వార్టర్లలో. మా ఇంటి వెనక మిట్ట దిగితే అడవే, అటు భద్రాచలం దాకా. ఎండాకాలం తునికాకు కోతకు పోయే ఆడవాళ్లు మా వాకిళ్ల ముందు నుంచే నడిచేవాళ్లు. ఇళ్ల వరసను లైన్ అనేవాళ్లం. మిట్ట మీద ఉన్న మాది పై లైన్, పల్లంలో ఉన్నవి కింది లైన్లు. తెల్లవారుతుంటే ప్రతి ఇంటి ముందూ ఒక ఇనుప పొయ్యి పొగలు కక్కుతుండేది. అడుగున పిడక ముక్కలు, పైన బొగ్గు. పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాక అమ్మ దాన్ని చెవులు పట్టుకుని లోపలికి తెచ్చేది. రాత్రి షిఫ్టు దిగి నాయన వచ్చేసరికి దాని మీద నీళ్లు కాగి ఉండాలి. ఆయన బనీను చెమట, బొగ్గు పొగ, ఎర్ర సబ్బు కలిసిన వాసన మా ఇంటి వాసన. ఎంత రుద్దుకున్నా ఆయన కనురెప్పల అంచున నల్లటి గీత మిగిలేది, కాటుక పెట్టుకున్నట్టు. ఇంత బతుకూ వాకిట్లో ఉన్న నల్లా మీద ఆధారపడి ఉండేది. దూరాన గుట్ట మీది ట్యాంకు నుంచి పొద్దున కాసేపే నీళ్లు వదిలేవాళ్లు. కింది లైన్ల వాళ్లు పట్టుకుని నల్లాలు కట్టేశాకే అవి మా నల్లాల దాకా లేచేవి. మా నాయనమ్మ దవడలో పొగాకు ముక్క పెట్టుకుని, నల్లా పక్కన గొంతుకూర్చుని, పైపుకు చెవి ఆనించి వినేది. లోపల గాలి ఈల వేస్తే, "వస్తున్నయ్ పిల్లా, బిందె పెట్టు" అని అమ్మను కేకేసేది. ఆమె చెవి ఎప్పుడూ తప్పలేదు.

మా పక్క క్వార్టరు ఓదెలుది. సర్దార్ అనేది ఆయన ఉద్యోగం. గనిలో షిఫ్టుకు దిగినవాళ్లలో ఎవరు ఎక్కడ పని చేయాలో చెప్పేది ఆయనే. నాయన తట్టతో బొగ్గు ఎత్తే కార్మికుడు కనుక ఆయన రోజు ఎలా గడవాలో సర్దార్ నోటిలో ఉండేది. పొడిగా, గాలి ఆడే చోటు చూపిస్తే నాయన నవ్వుతూ ఇంటికి వచ్చేవాడు. ఆ సర్దార్ ఒక వేసవిలో తన నల్లా చుట్టూ నడుము లోతు గుంత తవ్వించి, పైపును వంచి కిందికి దించి, అడుగున నల్లా బిగించాడు. కూలివాళ్ల బస్తీల్లో ఇది ఇప్పటికీ ఉన్న పనే. నీళ్లకు బలం లేనప్పుడు నల్లాను ఎంత కిందికి దించితే అంత ముందుగా వస్తాయి. ఆ మర్నాటి నుంచి మా నల్లా ఈల వేయడమే గాని నీళ్లు కార్చడం మానేసింది. ఆయన భార్య లచ్చమ్మ బిందెలు నింపుకుని, బర్రెల కోసం పెట్టుకున్న సిమెంటు గోలెం నింపుకుని, వాకిలి కడుక్కుని నల్లా కట్టేశాక మిగిలితే మాకు. చాలా రోజులు మిగిలేవి కావు.

నాయనమ్మ ఆ వేసవిలోనే పోయింది, నీళ్లు వచ్చే వేళకే. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం పోయాలి. మా నల్లా పొడిగా ఉంది. పక్కింటి గుంతలో ధార గోలెంలోకి పడుతున్న చప్పుడు మా అందరికీ వినిపిస్తోంది. అమ్మ రెండు బిందెలు పట్టుకుని వెళ్లింది. నేను వెనకే ఉన్నాను.

"లచ్చక్కా, మా అత్తకు తానం పోయాలె. రెండు బిందెలు పట్టుకుంట," అంది అమ్మ.

లచ్చమ్మ మొగుడి వైపు చూసింది. మంచం మీద కూర్చుని పళ్లపుల్ల నములుతున్న సర్దార్ లేవనైనా లేవలేదు. "మైల వడ్డోళ్లు మా గుంతల దిగుతరా? ఏమనుకుంటున్నవ్?"

"దిగ సర్దారూ. మీరే పట్టియ్యిండ్రి, నేను పైనుంచి అందుకుంట."

"బర్లకే చాలుతలేవు. బోరింగు కాడికి పో." పుల్ల ఉమ్మేసి, మా వాకిలి వైపు చూసి నవ్వాడు. "పోయిన మనిషికి తొందరేముంది?"

లచ్చమ్మ కూడా నవ్వింది. మొగుడు నవ్వాడు కనుక నవ్విందేమో, అప్పుడు నాకు ఆ తేడా అక్కరలేదు. అమ్మ మిట్ట దిగి బోరింగు దాకా నడిచి, కొట్టి, మోసుకొచ్చింది. మళ్లీ వెళ్లింది. నాయన అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. మర్నాడు గనిలో ఆయనకు చోటు చూపించేది ఆ మనిషే. నాయన మీద కూడా నాకు అసహ్యం వేసింది. చుట్టాలు ఏడుస్తుంటే నేను ఏడవలేదు. గోలెం అంచు మీదుగా నీళ్లు పొర్లి మట్టిలో ఇంకుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ ఏడే జూనియర్ కాలేజీలో చేరాను. మా ఫిజిక్స్ లెక్చరర్ మధిర వైపు నుంచి వచ్చినాయన, ఉతికిన తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక సామాను. ఫిజిక్స్ అంటే ఏంది సార్ అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. ఆయన కోప్పడలేదు. "పొద్దున లేచిన దగ్గర్నుంచీ నువ్వు చేసేదంతా అదేనయ్యా. బస్సు బ్రేకు వేస్తే ముందుకు తూలుతావు. కుండకు తడి గోనె చుడితే నీళ్లు చల్లబడతాయి. మీ అమ్మ ఊదుగొట్టంతో ఊదితే బొగ్గు ఎర్రబడుతుంది. జరిగేది నీకు తెలుసు, ఎందుకని అడగవు. అడగటం మొదలుపెడితే అదే ఫిజిక్స్," అన్నాడు. తర్వాత రెండు గాజు పాత్రలను రబ్బరు గొట్టంతో కలిపి రంగునీళ్లు పోశాడు. ఒక పాత్రను ఎత్తితే రెండోదానిలో నీళ్లు లేచాయి, దించితే దిగాయి. "చూశారా, నీళ్లు ఎవరిల్లని అడగవు. ఎంత ఎత్తని అడుగుతాయి." క్లాసంతా రాసుకుంటోంది. నేను రాసుకోలేదు. నాకు సర్దార్ గుంత కనిపిస్తోంది. ఆ మనిషికి గనిలో అధికారం ఉంది, బర్రెలున్నాయి, నోరుంది. నీళ్లకు ఇవేవీ తెలియవు. ఆయన కంటే కాస్త కిందికి వెళ్తే చాలు.

కాస్త అంటే ఎంతో తెలియాలి, ఎందుకంటే మా వాకిలి ఆయన వాకిలి కంటే ఎత్తులో ఉంది. కింది లైన్లో ఉండే తాపీ మేస్త్రి గోడలకు మట్టం చూసే ప్లాస్టిక్ గొట్టాన్ని అడిగి తెచ్చాను. దాని నిండా నీళ్లు పోసి, సర్దార్ ఇంటివాళ్లు చుట్టాలింటికి పోయిన పగటిపూట, ఒక కొస ఆయన గుంతలో నల్లా పక్కన తమ్ముడితో పట్టించి, రెండో కొస మా వాకిట్లో పట్టుకున్నాను. గొట్టంలో నీళ్లు చెప్పిన మట్టానికి ఇంకో జానెడు కలుపుకుని గడ్డపార పట్టాను. నా ఛాతీ దాటి లోతు. నేలంతా మొరం. డ్యూటీకి పోయేవాళ్లు ఆగి ఆగి చూసేవాళ్లు.

"ఏందిరా మల్లేశా, కొత్త బావి తెరుస్తున్నవా? మీ నాయనకు ఇంటికాన్నే డ్యూటీ ఇప్పిస్తవా ఏంది?"

అమ్మ గుంత అంచున నిలబడి, "గింత లోతేందిరా? నేను దిగుడెట్ల, ఎక్కుడెట్ల?" అంది.

"మెట్లు కొడుత. నువ్వైతే బిందెలు తోమి పెట్టు."

పైపును కిందికి దించాక అడుగున నల్లా బిగించేంత చోటు లేకపోయింది. ఖాళీ పైపు కొసనే ఉంచి, నీళ్లు వద్దనుకున్నప్పుడు గుడ్డ చుట్టిన కర్రముక్క కుక్కాలని నాయన చెప్పాడు. కొద్దిరోజులు కుక్కాను. తర్వాత మానేశాను. మేం నిద్ర లేచే లోపు ఒక్క చుక్క కూడా ఆ ఇంటికి పోకూడదని పైపు ఎప్పుడూ తెరిచే ఉంచాను.

మొదటి పొద్దున నీళ్లు నా మోకాళ్ల మీద పడ్డాయి. పక్క గుంతలో నల్లా గుర్రుగుర్రుమంటోంది. లచ్చమ్మ బిందె చంకన పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. "ఏమే కనకమ్మా, మా నల్లాకు ఏమైందే, ఒట్టి గాలే వస్తుంది?"

గుంతలోంచి నేను జవాబిచ్చాను. "బోరింగు కాడికి పో పెద్దమ్మా. బర్లకు తొందరేముంది?"

ఆమె బిందెను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని వెనక్కి తిరిగింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. కాసేపటికి సర్దార్ వచ్చి అంచున నిలబడ్డాడు. "పోరడా, నా మీదనే తవ్వుతవా?"

"నీ మీద కాదు పెద్దనాయనా, నీ కింద. జరంత కిందికి తవ్విన."

అంత తీపి మాట నేను జీవితంలో మళ్లీ అనలేదు. దాని ఖర్చు నాయన మీద పడింది. ఆ వారం నుంచి గనిలో నీళ్లు కారే చోటే ఆయనకు పని. తడిసిన బూట్లు విప్పుతూ, "ఆ గుంత పూడ్వరాదు బిడ్డా," అనేవాడు మెల్లగా. నేను విననట్టు లేచి వెళ్లేవాణ్ణి.

వానలు మొదలయ్యాయి. గుంత పక్కనే గిన్నెలు తోమేవాళ్లం, బట్టలు ఉతికేవాళ్లం. ఆ నీళ్లు, పక్కనున్న మోరీ పొర్లితే ఆ నీళ్లు గుంతలోకే చేరేవి. పైపు కొస ఆ మురికిలో మునిగి ఉండేది. రోజూ డబ్బాతో ఎత్తిపోయడం నా పని. అయితే ఒక వింత గమనించాను. ట్యాంకు కట్టేసిన తర్వాత గుంతలో నీళ్లు వాటంతట అవే తగ్గిపోయేవి. కొన్ని రోజులు అడుగు కనిపించేది. నేల పీల్చుకుంటోందనుకున్నాం. "చూసినవా అమ్మా, ఎత్తిపోసే పనే లేదు," అని గొప్పగా చెప్పాను. మా అదృష్టానికి అమ్మ కూడా సంబరపడింది.

మేం పట్టుకున్నాక మిగిలిన కాసిని నీళ్లే సర్దార్ ఇంటికి చేరేవి. ఆయన కూతురు సుశీల అప్పుడు పదో తరగతి. ముందు ఆ పిల్లకే పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు ముద్దలయ్యాయి, మంచం దిగలేకపోయింది. దవాఖానాలో చూపించారు, అడవి ఊళ్ల వైపు తీసుకుపోయి పసరు పోయించారు. ఆ తర్వాత కింది లైన్లో ఒకరి తర్వాత ఒకరు పడ్డారు. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. నల్లా నీళ్లు మురుగు కంపు కొడుతున్నాయని అందరూ అంటుంటే మాకు మాత్రం ఆ కంపు తెలియలేదు.

ఆ రోజుల్లోనే మా లెక్చరర్ సైఫన్ పాఠం చెప్పాడు. బల్ల మీద బకెట్, నేల మీద బకెట్, మధ్యన నీళ్లతో నిండిన గొట్టం. కింది కొస నుంచి నీళ్లు జారిపోతుంటే పై బకెట్‌లో నీళ్లు గొట్టంలోకి ఎక్కి, అంచు దాటి కిందికి పోతున్నాయి. మోటారు లేదు, తోసేవాళ్లు లేరు. పై బకెట్‌లో మట్టం మెల్లగా, ఎవరూ ముట్టుకోకుండానే తగ్గుతోంది. ఆ తగ్గడం నాకు తెలిసిన తగ్గడమే. ట్యాంకు కట్టేశాక కింది లైన్లలో ఎవరైనా నల్లా విప్పితే పైపులో నీళ్లు అటు జారతాయి. వాటి వెనక ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ, మురికిలో మునిగి తెరిచి ఉన్న నా పైపు కొస నుంచి గుంతను తాగేస్తుంది. ట్యాంకు నుంచి వచ్చే పైపు ముందు మా ఇంటికి, తర్వాత సర్దార్ ఇంటికి, ఆ తర్వాత కింది లైన్లకు పోతుంది. అందుకే మా ఇల్లు శుభ్రంగా ఉంది. క్లాసు మధ్యలోనే లేచి ఇంటిదారి పట్టాను. ఇంటికి వెళ్లగానే ఎవరూ చూడకుండా గుంతలో దిగి పైపుకు కర్రముక్క కుక్కాను.

మర్నాడు కింది లైన్ మగవాళ్లు గుంపుగా వచ్చారు. నేరుగా సర్దార్ వాకిట్లోకి. "నీ బర్ల పేడ నీళ్లు మా పిల్లలకు తాగిపిస్తవా? ఈ గుంతల యవ్వారం మొదలువెట్టిందే నువ్వు!" గోలెం బద్దలు కొట్టారు. ఎవరో ఆయన చొక్కా పట్టుకున్నారు. గనిలో అందరినీ శాసించే మనిషి తన గుంతలోకి చెయ్యి చూపిస్తూ, "నా నల్లాకు బిరడా ఉన్నది, సూడుండ్రి, గట్టిగ కట్టే ఉన్నది, సూడుండ్రి," అని బతిమాలాడు. ఎవరూ చూడలేదు. నిజానికి ఆ మాటలో అంతా ఉంది, కట్టేసిన నల్లా మురికిని పీల్చదు. ఆ లైన్లో ఆ మాట అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే, గోడ ఇవతల నిలబడి ఉన్నాను. ఒక్క మాట అంటే ఆయన్ని వదిలేసేవాళ్లు. అమ్మ బోరింగు నుంచి బిందెలతో మిట్ట ఎక్కిన రోజు గుర్తు చేసుకుని నోరు మూసుకున్నాను. గుర్తు చేసుకోవాల్సి వచ్చింది, అదంతట అది రాలేదు. ఆ రోజు అన్నం ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాను.

తర్వాత గుంతలన్నీ పూడ్చారు. లచ్చమ్మ బర్రెల్ని అమ్మేసింది. సుశీల పదో తరగతి పరీక్ష రాయలేదు, మళ్లీ బడికీ పోలేదు. వాళ్లు వేరే బస్తీలో ఇల్లు కిరాయికి తీసుకుని వెళ్లిపోయారు. నేను చదివాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇక్కడితో ఆగి ఉంటే చిన్నప్పటి మూర్ఖత్వం అనుకునేవాణ్ణేమో. నా అసలు నేరం తర్వాతిది. సైఫన్ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు ఈ కథ చెప్పేవాణ్ణి. గొప్ప ఉదాహరణ కదా, పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. అయితే గుంత ఓదెలు సర్దార్ అనే మొండివాడిదని చెప్పేవాణ్ణి. ఆయన గొంతును అనుకరించేవాణ్ణి. క్లాసు నవ్వేది. ఏడాదికోసారి ఆయన వాకిట్లోకి కొత్త గుంపును తోలుకుపోయినట్టుండేది. సూత్రం తప్పు చెప్పలేదు, పేరు ఒక్కటే తప్పు చెప్పాను. ఇప్పుడు ఖమ్మంలో మా వీధిలో గుంతలు లేవు, నల్లా పైపులకే మోటార్లు పెట్టి లాగుతారు. పక్కింటి మోటారు మోగగానే నా ఛాతీలో పాత గడ్డపార లేస్తుంది. అప్పుడు నీళ్లు లేక పగబట్టాం. ఇప్పుడు సంపు నిండా నీళ్లున్నాయి, పగ మాత్రం అలాగే ఉంది.

పెద్దకర్మకు వెళ్లాను. పశ్చాత్తాపంతో వెళ్లానని రాస్తే అందంగా ఉంటుంది. ఆ ఇంటి ఏడుపు చూడాలన్న కోరిక కూడా కొంత ఉంది. షామియానా కింద పాత కాలనీ మనుషులు బంతుల్లో కూర్చుని తింటున్నారు. సుశీల నన్ను గుర్తుపట్టి ఎదురొచ్చింది. తల నెరిసింది.

"మంచిగున్నవా అన్నా? మా బిడ్డ నీ కాలేజీలనే సదివింది, ఎరుకేనా?"

"తెలియదమ్మా. ఎప్పుడూ చెప్పలేదే."

"ఎట్ల చెప్తది? క్లాసుల వాళ్ల తాత పేరు చెప్పి నవ్విపిస్తివట. ఆ దినం ఇంటికొచ్చి తినలేదది. మా బాపుకైతే చెప్పలేదు మేము."

ఆమె గొంతులో కోపం లేదు, ఎన్నడో ఎండిపోయిన గొంతు. నేను ఏం అనాలని వెళ్లానో అదంతా పోయింది. "సుశీలా, ఆ మురికి మీ గుంతది కాదు. మాది," అన్నాను.

ఆమె పందిరి వైపు చెయ్యి చూపించింది. "నాకెందుకు చెప్తున్నవ్? అగో, అమ్మ ఆడ కూసున్నది. ఆమెకు చెప్పు."

లచ్చమ్మ పందిరి మధ్యన కుర్చీలో ముడుచుకుని ఉంది. పక్కన వంగి చెవి దగ్గర మెల్లగా చెప్పాను. ఆమె కళ్లు చికిలించింది. "ఆఁ? ఏందిరా? గట్టిగ చెప్పు."

"కామెర్లు వచ్చినప్పటి నీళ్లు పెద్దమ్మా. అవి మీ గుంతవి కావు."

"ఇనవడ్తలేదు బిడ్డా. ఎవరి గుంతవి?"

"మావి! మా గుంతవి!"

బంతిలో తలలు తిరిగాయి.

"ఎవరు తవ్విండ్రు?"

"నేనే! నేనే తవ్విన!"

"ఎరుక ఉండేనా నీకు?"

"తవ్వినప్పుడు లేదు... తర్వాత ఎరుకైంది."

"ఆఁ?"

"ఎరుకైంది పెద్దమ్మా! ఎరుకై కూడా చెప్పలే!" అని అరిచాను. వడ్డించేవాడి గరిట గాలిలో ఆగిపోయింది. ఒకప్పుడు సర్దార్ చొక్కా పట్టుకున్న మనిషి, ఇప్పుడు ముసలాయన, విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు. లచ్చమ్మ కొంగు సర్దుకుని, "అట్లనా," అంది. ఇక నా వైపు చూడలేదు.

సుశీల గేటు దాకా వచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలి. "అమ్మకు చెవులు బాగా తగ్గినట్టున్నాయి. ఖమ్మంలో తెలిసిన డాక్టరున్నాడు. తీసుకురా, చూపిద్దాం," అన్నాను.

"అమ్మ చెవులకేమైంది అన్నా?" అంది సుశీల. "గోడవతల గుసగుస పెట్టినా ఇంటది."